స్కాలర్‌షిప్ కోసం మా ఊరి పంచాయతీకే ఆర్‌టీఐ పెట్టాను

నోటీసు బోర్డు మీద ఆ కాగితాన్ని ముందు చూసింది నా రూమ్మేటు. "నీ కోసమే అంటించినట్టుంది, పోయి చూడు" అంది. 2024 డిసెంబరు అది. నేను హనుమకొండలో మూడేళ్ల ఎల్‌ఎల్‌.బి. రెండో సంవత్సరంలో ఉన్నాను.

హైకోర్టులో ముప్పై ఏళ్లకు పైగా గ్రామపంచాయతీల తరఫున వాదించిన ఒక న్యాయవాది పేరు మీద, ఆయన పోయాక, ఇంటివాళ్లు ఏటా ఇద్దరు లా విద్యార్థులకు ఇచ్చే స్కాలర్‌షిప్ అది. మనిషికి 40 వేలు. ప్రచారం ఆ కుటుంబానికి ఇష్టం లేదని తర్వాత తెలిసింది కాబట్టి పేరు రాయను. స్థానిక సంస్థల్లో పనిచేయాలన్న ఆసక్తి ఉన్నవాళ్లే దరఖాస్తు పెట్టాలని ఉంది. ఆదాయ ధ్రువపత్రం, రెండు సిఫారసు లేఖలు, ఒక వ్యాసం. ఇవన్నీ ఎక్కడైనా అడిగేవే. నాలుగోది మాత్రం కొత్తగా కనిపించింది: ఏడాదిలోపు మీరు స్వయంగా కూర్చున్న ఒక గ్రామసభ గానీ వార్డు సభ గానీ చెప్పండి, అందులో చేసిన ఒక తీర్మానం ధ్రువీకరించిన నకలు జత చేయండి, అది చట్టప్రకారం నిలుస్తుందో లేదో రెండు పేజీల్లో రాయండి. ఆఖరు తేదీ ఫిబ్రవరి 28.

నాకు నవ్వొచ్చింది. మా బాపు మా పంచాయతీలో కారోబార్. ఇరవై రెండేళ్లుగా ఇంటిపన్ను వసూలు చేసేదీ, డిమాండు రిజిస్టరు రాసేదీ ఆయనే. ఎవరింటి అసెస్‌మెంట్ నంబరైనా పుస్తకం తెరవకుండా చెప్తాడు. ఇప్పుడు కాగితాల మీద కారోబార్ అనరు, మల్టీపర్పస్ వర్కర్ అంటారు. జీతం నెలకు తొమ్మిదిన్నర వేలు, అదీ వచ్చిన నెల. తీర్మానం నకలు నాకొక లెక్కా అనుకున్నాను.

ముందు తేలికవి పూర్తి చేశాను. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు పెడితే వారంలో వచ్చింది. ఒక సిఫారసు లేఖకు మా సార్ దగ్గరికి పోతే "నువ్వే రాసుకొని రామ్మా, సంతకం పెడతా" అన్నారు. నన్ను నేను పొగుడుకోవడానికి ఒక సాయంత్రం పట్టింది. రెండోది నేను అప్పుడప్పుడు కూర్చునే సీనియర్ లాయరు గారిది. ఆయన సంతకం పెట్టి పెన్ను మూస్తూ, "సర్పంచుల కేసుల్లో ఏముంటదమ్మా, ఫీజు కోసం వాళ్ల చుట్టూ నువ్వే తిరగాలె" అన్నారు.

ఆయన మాటను తీసేయలేం. అమెరికాలో ఊరికొక సిటీ అటార్నీ ఉంటాడని చదువుతాం. మన దగ్గర పంచాయతీకి సొంత లాయరు ఉండడు. హైకోర్టులో పంచాయతీరాజ్ శాఖకు ప్రభుత్వ ప్లీడరు, గ్రామపంచాయతీల తరఫున వాదించడానికి స్టాండింగ్ కౌన్సిల్ అనే లాయరు ఉంటారు, పెద్ద కార్పొరేషన్లలో లా ఆఫీసరు ఉంటాడు. ఊళ్లో ఆక్రమణకు నోటీసు ఇయ్యాల్సి వస్తే మాత్రం దాన్ని రాసేది కార్యదర్శే, పాత నోటీసు చూసి, తేదీ మార్చి. అందులో ఒక్క మాట తప్పినా అవతలివాడు స్టే తెచ్చుకుంటాడు. ఆ నోటీసు దగ్గర ఒక లాయరు కూర్చుంటే బాగుండుననే నేను లా చేరాను. ఇది వ్యాసంలో రాయాల్సింది. మొదట అది రాయలేదు.

మొదటి ప్రతిలో అందరూ రాసేదే రాశాను. 73వ సవరణ, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు, పదకొండో షెడ్యూలు, 29 అంశాలు, బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ. రూమ్మేటు చదివి "గ్రూప్స్ నోట్సు లెక్క ఉంది" అంది. చించేశాను.

ఇక గ్రామసభ. మా ఊళ్లో అప్పటికి సర్పంచి లేడు. 2019లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2024లో తీరిపోయింది, ఎన్నికలు అప్పటికింకా జరగలేదు, ప్రభుత్వం పెట్టిన ప్రత్యేకాధికారుల పాలన నడుస్తుండేది. గడువు తీరేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243-ఇ అధికరణ చెప్తుంది. మున్సిపాలిటీల విషయంలో అదే మాటను సుప్రీంకోర్టు 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో గట్టిగా చెప్పింది. తరగతిలో ఇవి మార్కులు తెచ్చే మాటలు. ఊళ్లో మాత్రం వీధిలైటు పోతే ఎవరికి చెప్పాలో తెలియకపోవడం.

2025 జనవరి 21 నుంచి 24 వరకు తెలంగాణ రాష్ట్రమంతా గ్రామసభలు పెట్టారు. ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డులు, రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా జాబితాలు చదివి వినిపించడానికి. బడి ఆవరణలో షామియానా, నాలుగు కుర్చీలు, ఒక మైకు. నేను వెనక ఆడవాళ్లలో కూర్చున్నాను. ఇళ్ల జాబితా సగం చదివారో లేదో ఒక పెద్దమ్మ లేచింది. "రెండంతస్తుల బిల్డింగున్నోళ్ల పేరొచ్చింది, కవరు కప్పుకొని ఉన్న నా పేరేది?" ఆమె వెనక ఇంకో ఇద్దరు లేచారు. మైకు బందయింది. ఇరవై నిమిషాలు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. చివరికి మళ్లీ దరఖాస్తులు తీసుకుంటామని చెప్పి సభ ముగించారు. బాపు ఒక మూల బల్ల మీద పుస్తకం పెట్టుకొని రాస్తూనే ఉన్నాడు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అడిగాను, తీర్మానం నకలు కావాలని.

"అది నా ఇంటి పుస్తకం కాదు బిడ్డా, ఆఫీసుది. సెక్రెటరీ మేడమ్‌ను అడుగు."

కార్యదర్శిది నా వయసే. 2019లో జూనియర్ పంచాయతీ కార్యదర్శిగా వచ్చిన బ్యాచి. పొద్దున పారిశుధ్యం ఫొటోలు, మధ్యాహ్నం నర్సరీ మొక్కల లెక్క, సాయంత్రం ఆన్‌లైన్ ఎంట్రీలు. "ఇస్తా అక్కా, కానీ ఇప్పుడే కాదు. పై నుంచి ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?" అంది. రెండు రోజులు తిరిగాను. మూడోసారి ఆమే దారి చెప్పింది: "ఆర్‌టీఐ పెట్టక్కా. అప్పుడు నాకూ ఒక కాగితం ఉంటది."

తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఒక మాట. తెలంగాణలో గ్రామ స్థాయి కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తుకు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. నకలుకు పేజీకి 2 రూపాయలు. తెల్లకాగితం చాలు. 30 రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు. నేను జనవరి 27న పెట్టాను. లెక్కేస్తే గడువు ఫిబ్రవరి 26, సరిగ్గా శివరాత్రి, సెలవు. ఆ తర్వాత నాకు మిగిలేది రెండు రోజులు.

నేను పోయినప్పుడు కార్యదర్శి మండలాఫీసులో మీటింగుకు పోయింది. ఆఫీసులో బాపు ఒక్కడే. దరఖాస్తు బల్ల మీద పెట్టాను. కళ్లద్దాలు పెట్టుకొని మొత్తం చదివాడు. దరఖాస్తుదారు పేరు దగ్గర ఆగలేదు, దాని కింద తండ్రి పేరు దగ్గర ఆగాడు. తన పేరే. ఏమీ అనలేదు. ఇన్‌వార్డు రిజిస్టరులో నంబరు వేసి, రెండో కాపీ మీద ముద్ర కొట్టి, తేదీ రాసి ఇచ్చాడు. "ఇది పోగొట్టుకోకు, అప్పీలుకు పోతే గిదే అడుగుతరు" అన్నాడు.

నకలు ఫిబ్రవరి 24న వచ్చింది. మూడు పేజీలు, ఆరు రూపాయలు, రసీదు. హాస్టల్‌కు పోయేదాకా ఆగలేక బస్సులోనే తెరిచాను. "జాబితాను చదివి వినిపించగా హాజరైన గ్రామస్థులు ఏకగ్రీవంగా ఆమోదించినారు." పెద్దమ్మ లేదు. ఆ ఇద్దరు లేరు. ఇరవై నిమిషాలు లేవు. ఆ గుండ్రటి అక్షరాలు, 'గ్రా' కింద క్రావడిని పొడుగ్గా లాగే ఆ అలవాటు, నా చిన్నప్పటి కాపీరైటింగు పుస్తకం మీద ఉన్నవే.

నాలుగు రోజులే ఉన్నాయి. వేరే ఊరి గ్రామసభకు పోయి ఇంకో తీర్మానం తెచ్చుకునే టైము లేదు. ఉన్నదాని మీదే రాయాలి, లేదా మానుకోవాలి. మానుకుందామనే ఒక రాత్రంతా అనుకున్నాను. తెల్లారి బాపుకు ఫోన్ చేసి, సభలో నేను విన్నదీ, పుస్తకంలో ఉన్నదీ వేరని చెప్పాను.

కొంచెంసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత అన్నాడు: "జాబితా తయారై వచ్చినంక ఏకగ్రీవం అనే రాయిస్తరు బిడ్డా. ఎప్పటిసంది గట్లనే. అక్షరాలు నాయి, మాట నాది కాదు. అయినా అక్షరాలు నాయే గద. నువ్వు చూసింది రాసుకో."

రాశాను. తీర్మానం నిలుస్తుందనే రాశాను, అది చాలామందికి వింతగా ఉండొచ్చు. గ్రామసభ తీర్మానానికి అందరూ ఒప్పుకోవాలని ఎక్కడా లేదు. ఓటర్ల సంఖ్యను బట్టి కోరం, అంటే కనీస హాజరు, ఉండాలి, అది ఉంది. ముగ్గురు కాదన్నంత మాత్రాన జాబితా పోదు. పోయేది ఆ ముగ్గురి దారి. రేపు ఆ పెద్దమ్మ హైకోర్టులో రిట్ వేస్తే కోర్టు ముందుకు వచ్చేది ఈ మూడు పేజీలే. అందులో ఆమె లేచినట్టే లేదు. 'ఏకగ్రీవం' అన్న ఒక్క మాట వల్ల పంచాయతీకి లాభమేమీ లేదు, ఆమెకు మాత్రం ఉన్న ఒక్క ఆధారం పోయింది. ఆఖరి వాక్యంగా ఈ మినిట్స్ రాసింది నా తండ్రి అని పెట్టాను. ఎందుకు చెప్పడం అని రూమ్మేటు గొడవపడింది. చెప్పకుండా పంపితే నేనూ ఒక ఏకగ్రీవం రాసినట్టే అనిపించింది.

వ్యాసం మిగిలిన రెండు రోజుల్లో, ఆ నోటీసు సంగతితో మొదలుపెట్టి, తెలుగులోనే రాసేశాను. 28న సాయంత్రం కొరియర్ కౌంటర్ మూసే ముందు ఇచ్చాను.

ఏప్రిల్‌లో ఇంటర్వ్యూకు పిలిచారు. ఉప్పల్‌లో దిగి, సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్ చేరి, నయాపూల్ మీదుగా నడిచాను. ఎండకు మూసీ వాసన రెట్టింపయింది. హైకోర్టు దాటాక ఒక పాత మేడ మీద ఆ పోయిన న్యాయవాది ఆఫీసు గది. గోడల నిండా కేసు రిపోర్టులు, కేసు కట్టలకు కట్టే తెల్లదారపు బంతి ఇంకా బల్ల మీదే ఉంది. ఆయన కూతురు, ఒక లాయరు, ఒక రిటైరైన జిల్లా పంచాయతీ అధికారి కూర్చున్నారు.

లాయరు గారు రత్లాం కేసు చెప్పమన్నారు. అది నాకు ఇష్టమైన కేసు. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే పట్టణం, తెరిచిన మురుగుకాలువలు, కంపు భరించలేక జనం మేజిస్ట్రేటు దగ్గరికి పోయారు. డబ్బుల్లేవని మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు చెల్లదన్నారు. సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 133 అని కూడా చెప్పాను. "ఇప్పుడు?" అన్నారాయన. దాని స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి తొమ్మిది నెలలు. నోరు పెగల్లేదు. "బీఎన్‌ఎస్‌ఎస్ 152" అని ఆయనే చెప్పి రాసుకోమన్నారు. సిగ్గుతో రాసుకున్నాను.

రిటైరైన అధికారి చెక్‌పవర్, అంటే పంచాయతీ చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం, ఎవరిదని అడిగారు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచికీ ఉపసర్పంచికీ కలిపి ఇచ్చింది. ఆ ఇద్దరికీ పడక మా ఊళ్లో బిల్లులు ఆగిన సంగతి నాకు చిన్న కథంత తెలుసు, చెప్పాను. ఆయన నవ్వారు. తర్వాత మూడు పేజీల నకలు ముందుకు జరిపి, "మీ నాన్న ఏమన్నారమ్మా?" అన్నారు.

బాపు మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నకలు మీద వేలు పెట్టి, "ఇలాంటివాటి కింద నేను ఎన్ని సంతకాలు పెట్టానో" అని అన్నారు, నాతో కాదు, పక్కనున్న ఆమెతో.

జూన్‌లో ఉత్తరం వచ్చింది, ఇద్దరిలో నేనొకదాన్ని. చెక్కు మీద పదో తరగతి మెమోలో ఉన్న పేరుంది, బ్యాంకులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. అందుకు ఇంకో నెల తిరిగాను. దరఖాస్తు పెట్టేవాళ్లు ఆధార్, మెమో, పాస్‌బుక్ మూడింటిలో పేరు ఒకటే ఉందో లేదో ముందే చూసుకోండి.

డబ్బు ఫీజు బాకీకి పోగా మిగిలినదానితో పుస్తకాలు కొన్నాను. దసరాకు ఇంటికి పోయినప్పుడు పంచాయతీరాజ్ చట్టం పుస్తకం బాపు చేతిలో పెట్టాను. తిప్పి చూసి, "ఇంగ్లీషుల ఉన్నది. తెలుగుల రాదా?" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయనకు ఆ చట్టం కాపీ ఎవరూ ఇవ్వలేదని అప్పుడు తెలిసింది. తెలుగు ప్రతి ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి పంపాను.

వారానికి ఫోన్ చేశాడు. "గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలె అని ఉన్నది ఇండ్ల. మనం ఏడాదిల ఎన్నిసార్లు పెట్టినం?"

నాకేం తెలుసు బాపూ, రిజిస్టరు నీ దగ్గరే ఉందిగదా అన్నాను. ఫోన్ పెట్టకుండానే పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడింది.