ఐదవ స్థలం

మొదట చెప్పు జారింది. నవంబరులో ఒక సోమవారం గుణదల నుంచి బడికి వెళ్ళి ఆటో దిగాను. ఎడమ కాలి చెప్పు ఆటోలోనే ఉండిపోయిన సంగతి డ్రైవరు పిలిచి ఇచ్చేదాకా నాకు తెలియలేదు. అంతకు పది రోజుల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి కాబట్టి నీరసమే అనుకున్నాను. బుధవారానికి సుద్దముక్క వేళ్ళ మధ్య నిలవలేదు. వీధి చివర క్లినిక్‌లో బీ12 తక్కువైందని ఇంజక్షన్ చేశారు. శుక్రవారం రాత్రి స్నానాలగదిలో కూర్చున్నదాన్ని మళ్ళీ లేవలేకపోయాను.

ఆసుపత్రిలో నరాల డాక్టరు చిన్న సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టారు. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే. వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తే ప్రొటీన్ పెరిగి ఉంది, కణాలు మామూలుగానే ఉన్నాయి. గియాన్ బారే సిండ్రోమ్ అన్నారు. 1916లో ఫ్రెంచి వైద్యులు వివరించిన జబ్బు. కడుపులో చేరిన క్రిమి మీదకు ఒళ్ళు సిద్ధం చేసుకున్న సైన్యం, ఆ పని అయ్యాక పొరబడి సొంత నరాల మీదే పడుతుందట. కాళ్ళ దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది. ఊపిరి తీసే కండరాలను అందుకుంటే ప్రాణం మీదకు వస్తుంది.

అందుకని రోజుకు నాలుగుసార్లు నర్సు వచ్చి "ఒకే ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి మేడమ్" అనేది. ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నదాన్ని నేను. మొదటి రోజు ముప్పై ఒకటి. మూడో రోజు పంతొమ్మిది. నాలుగో రోజు సాయంత్రం పద్నాలుగు దగ్గర ఆగిపోయాను. ఆమె ఏమీ అనకుండా కాగితం మీద రాసుకుని గబగబా వెళ్ళింది. ఆ రాత్రే ఐసీయూకి మార్చారు. మంచం పక్కన వెంటిలేటర్ తెచ్చి పెట్టారు కానీ దాని అవసరం రాలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, రోగులను చూసివచ్చే బృందంలో నేనూ ఉన్నాను. ఎన్నో మంచాల పక్కన కూర్చుని "మీ బాధను ఏసు ప్రభువు శ్రమలతో కలిపి అర్పించండి" అని చెప్పాను. క్రీస్తు శ్రమలలో కొదువైనదాన్ని నా శరీరంలో పూర్తిచేస్తున్నానని పౌలు కొలొస్సీయులకు రాసిన మాట కూడా తోడు చేసేదాన్ని. తీరా రాత్రి రెండు గంటలకు నడుము కింద నిప్పులు పోసినట్టు నరాలు లాగుతుంటే, అర్పించడానికి నాలో ఎవరూ మిగల్లేదు. నొప్పి ఉంది, ముక్కు మీద దురద ఉంది. గోక్కోవడానికి చెయ్యి లేవనివాడి దురద గురించి వేదాంతులు ఎవరైనా ఆలోచించారో లేదో! జపమాల దిండు కింద ఉండేది. మరియమాతకు చెప్పుకునే మంగళవార్త జపం సగంలోనే తప్పిపోయేది.

ఫాదర్‌గారు వచ్చి నుదుటికీ అరచేతులకూ నూనె పూశారు. మా అత్తగారు వరండాలో ఏడుపు అందుకున్నారు. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అంటే ఇక దారి ఖర్చేనని ఆవిడ తరం నమ్మకం. అది రోగులందరి కోసమని, చివరి ఘడియ కోసమే కాదని ఫాదర్‌గారు ఎంత చెప్పినా ఆవిడ కొంగు కళ్ళ మీదనుంచి దిగలేదు.

మందు పేరు ఇమ్యూనోగ్లోబ్యులిన్. బరువు కిలోకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున ఐదు రోజులు. నా అరవై కిలోలకు రోజుకు 24, మొత్తం 120 గ్రాములు. ఖరీదు సంగతి మావారినే అడగాలి, నాకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. ఆ మందును రసాయనాలు కలిపి తయారుచేయరని, కనీసం వెయ్యి మంది ఇచ్చిన రక్తంలోని ప్లాస్మాను కలిపి అందులోంచి తీస్తారని ఒక కుర్ర డాక్టరు చెప్పాడు. సీసాలోంచి చుక్కలు పడుతుంటే గంటల తరబడి చూసేదాన్ని. ఒక్కరి ముఖమూ తెలియదు. పూజలో "ఇది మీ కొరకు చిందబోవు నా రక్తము" అన్న మాట ఎన్ని వేల సార్లు విన్నానో. అప్పుడు మాత్రం నాకు కృతజ్ఞత కలగలేదు. సిగ్గు కలిగింది. నేను ఒక్కసారి కూడా రక్తం ఇవ్వలేదు.

ఇప్పుడు మా తోటికోడలి సంగతి. కంకిపాడు అవతల పల్లెలో ఉంటుంది. పొలం వాటాల దగ్గర మాట పట్టింపు వచ్చి మా మధ్య మూడేళ్ళుగా పలకరింపు లేదు. మావారిది రైల్వే ఉద్యోగం, పిల్లలకు పరీక్షలు. వార్డులోకి వచ్చాక నా దగ్గర ఎవరుండాలన్న ప్రశ్న వచ్చింది. ఒక మధ్యాహ్నం చేతిసంచితో ఆమె తలుపు దగ్గర నిలబడింది. "అత్తయ్యగారు పొమ్మంటే వచ్చాను అక్కా. నాకై నేను రాలేదు," అంది. సంచి మంచం కింద పెట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకుంది.

నలభై మూడు రోజులు ఉంది. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి నన్ను పక్కకు తిప్పాలి. కనురెప్పలు మూతపడేవి కావు కాబట్టి పడుకునే ముందు మందు వేసి పైన టేపు అంటించాలి. మలమూత్రాలు సరేసరి. మొదటిసారి ఆమె నన్ను శుభ్రం చేయబోతుంటే "వద్దు, ఆయాను పిలువు" అన్నాను. ఏసు తన పాదాలు కడగబోతే వద్దని శిష్యుడు పేతురు ఎందుకు మొండికేశాడో ఆ క్షణం అర్థమైంది. అది వినయం కాదు. ఎవరి దగ్గరైతే తల వంచకూడదని అనుకున్నామో వాళ్ళ చేతికి మురికి పాదం అందించడం ఎంత కష్టం! "ఆయాకు నూరు రూపాయలు. కాలు ఎత్తు అక్కా. ఓ, ఎత్తలేవు కదా," అని ఆమే నవ్వింది. ఆ నవ్వుకు నాకు కోపం వచ్చింది. తరువాత నేనూ నవ్వాను.

విసుక్కునేది కూడా. దేవదూత అని రాస్తే అబద్ధమవుతుంది. అర్ధరాత్రి పిలిస్తే "ఇప్పుడే కదా తిప్పాను" అని గొణిగేది, గొణుగుతూనే లేచేది. రోజూ సాయంత్రం ఫోనులో గేదె సంగతి కనుక్కునేది. ఆమె కుడి మణికట్టు వాచి ఉండటం నేను డిసెంబరులో గానీ గమనించలేదు. నా ఒంటి బరువంతా అక్కడే పడేదట.

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలు. 1924లో అర్లాటి ఫాదర్‌గారు కొండ మీద స్వరూపం ప్రతిష్ఠించిన నాటి నుంచీ జనం తలనీలాలూ కొబ్బరికాయలూ తెచ్చుకుంటూనే ఉన్నారు. 11వ తేదీని ప్రపంచ రోగుల దినంగా 1992లో రెండవ జాన్‌పాల్ పోపుగారు ప్రకటించారు. నేను ఇంట్లో కుర్చీలో కూర్చుని మైకు వింటున్నాను. కాలి బొటనవేలు కదిపితే కదిలింది. ప్రార్థన చేయలేదు, ఇంకోసారి కదిపి చూసుకున్నాను.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక శుక్రవారం వాకర్ పట్టుకుని గుడికి వెళ్ళాను. తోటికోడలు నా వెనకే ఉంది. ఏసు శ్రమలను పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి ధ్యానించే సిలువ మార్గం మొదలైంది. ఐదవ స్థలం బొమ్మ మా గుడిలో ఫ్యాను స్విచ్చుల పక్కన ఉంటుంది. సీమోను సిలువ అందుకునే ఘట్టం. మార్కు సువార్త ప్రకారం అతడు పల్లెటూరి నుంచి వస్తూ ఆ దారిన పోతుంటే బలవంతంగా మోయించారు. ప్రేమతో ముందుకు వచ్చాడని ఎక్కడా లేదు. ఇన్నేళ్ళూ ఆ స్థలం దగ్గర, సిలువ కింద ఉన్నది నేనే అనుకుని మోకరించేదాన్ని. మొన్న మోకరించే వీలు లేక నిలబడి అతని ముఖం చూశాను. చిత్రకారుడు ఎవరో గానీ అతని చూపును ఏసు మీద పెట్టలేదు. దారి మీద పెట్టాడు.

తోటికోడలు కూడా చాలాసేపు చూసింది. జనం ఆరవ స్థలానికి కదిలారు. నా చెవి దగ్గరికి వంగి గుసగుసగా అంది:

"పాపం, ఆయనకు పాలు పిండే వేళ దాటిపోతున్నట్టుంది అక్కా."