మా కాలేజీ రేడియోని మళ్ళీ మోగించడానికి మేం పడ్డ తిప్పలు – నా అనుభవం

మాది భీమవరం దగ్గర కాలేజీ, నేను ఈసీఈ. సెకండియర్‌లో మా కాలేజీ కమ్యూనిటీ రేడియోలో (చుట్టుపక్కల ఊళ్ళ కోసం నడిపే చిన్న ఎఫ్ఎం) చేరినప్పుడు లిస్టులో 23 పేర్లు ఉన్నాయి, ఫస్ట్ మిడ్స్ అయ్యేసరికి నలుగురం మిగిలాం. ఆర్జేలా మాట్లాడాలని అందరికీ ఉంటుంది గానీ పొద్దున 6 గంటల షోకి రాత్రి కూర్చుని ఎడిటింగ్ చెయ్యమంటే ఎవరొస్తారు, ల్యాబ్ రికార్డులు, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ మధ్య వాళ్ళని తప్పు పట్టలేం కూడా.

అంతలో వర్షాల్లో పిడుగు పడి ట్రాన్స్‌మిటర్ పోయింది. మేనేజ్‌మెంట్ ఈ ఏడాది బడ్జెట్ లేదంది. ఆ రోజు ఖాళీ స్టూడియోలో కూర్చుంటే ఏడుపొచ్చేసింది నిజంగా.

సరే, యాడ్స్ తెద్దామని టౌన్లో షాపుల వెంట పడ్డాం. గంటకి 7 నిమిషాలున్న యాడ్ టైంని 2024లో 12 నిమిషాలు చేశారు కానీ మాకెప్పుడూ 2 నిమిషాలు కూడా నిండలేదు, ఎందుకంటే కమ్యూనిటీ రేడియో ప్రసారం పవర్ మామూలుగా 100 వాట్లు దాటకూడదు, చుట్టూ ఓ పది కిలోమీటర్లు వినిపిస్తే ఎక్కువ, పెద్ద కంపెనీలు మావైపు చూడవు. పైగా ఆగిపోయిన రేడియోకి అడ్వాన్స్ అడుగుతున్నాం! "అసలు మీది ఎవరు వింటారమ్మా?" అన్నారు మొదటి షాపులోనే.

నాలుగో రోజు ఒక రొయ్యల మేత షాపులో ఏం చెప్పాలో తెలీక, చెరువు గట్టు మీద రికార్డు చేసిన పాత ముక్క ఫోన్లో పెట్టాను. వెనక ఏరేటర్ల (చెరువు నీళ్ళలో గాలి కలిపే మిషన్లు) చప్పుడు, రైతు గొంతు సగమే వినిపిస్తుంది, "తెల్లారగట్ల ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలిపోద్దండి, అప్పుడు నిద్రపోతే పంట పోయినట్టేనండి" అంటారాయన. షాపాయన తూకం ఆపేసి "ఈయన మన ఖాతాదారేనండి, ఇంకోసారి పెట్టండి" అన్నారు. మూడు నెలల యాడ్ డబ్బులు అప్పుడే ఇచ్చేశారు. ఆ రసీదు చూపించాక ఆక్వా మందుల షాపు, ఇంకో ఇద్దరు ఇచ్చారు, మిగతాది మేనేజ్‌మెంట్ వేసింది.

రిపేరుకి నెలన్నర పట్టింది. మొదటి రోజు ఆ రైతు ముక్కే వేశాం, పొద్దున ఏడు కాకుండానే ఆయన ఫోన్, "ఏవండీ, ఇన్నాళ్ళు ఏమైపోయారండీ?" అని.

ఇప్పుడు ఫస్టియర్ వాళ్ళని ముందు మైక్ దగ్గరికి కాదు, చెరువు గట్టుకే తీసుకెళ్తున్నాం. ఈసారి తొమ్మిది మంది నిలబడ్డారు. స్పెక్ట్రమ్ ఫీజు (ప్రసారానికి వాడే తరంగాలకి కట్టేది) కట్టాలింకా, యాడ్ అడిగితే స్వీట్ షాపాయన దీపావళి అయ్యాక రమ్మన్నారు.