జెల్లీఫిష్ కాదు, ఫిల్లోడిస్కస్

వెట్‌సూట్ చేతికీ గ్లవుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉంటుంది. కుట్టింది అక్కడే, ఎడమ మణికట్టు లోపలివైపు, చర్మం పల్చగా ఉండే చోట. ఆరు మీటర్ల లోతు, ఇంకా వెలుతురు ఉంది. చచ్చిన పగడం మీద నాచు గుబురు లాంటిది కనిపిస్తే పక్కకి తోశాను. అది నాచు కాదు, సీ అనిమోన్ అనే కుట్టే సముద్రజంతువు. "గుబురుగా ఉన్నదాన్ని ముట్టుకోకండి" అని కొత్తవాళ్లకి చెప్పేది నేనే కాబట్టి మా అక్క ఆ మాట ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

కాల్చిన ఇనుము పెట్టినట్టుంది నొప్పి. పడవలోకి ఎక్కగానే తోటి డైవర్ సగం సీసా వెనిగర్ పోశాడు. మంచి మనసుతోనే పోశాడు. కానీ నొప్పి రెట్టింపయింది. బాక్స్ జెల్లీఫిష్ కుడితే వెనిగర్ పనికొస్తుంది, చర్మానికి అంటుకుని ఇంకా పేలని దంశకణాలను, అంటే విషం నింపుకున్న గుళికలను, ఆపేస్తుంది. ఈ జాతి సీ అనిమోన్‌లో జరిగేది సరిగ్గా తలకిందులు: మిగిలినవి కూడా పేలతాయి. చేయాల్సింది సముద్రపు నీళ్లతోనే కడగడం, అంటుకున్న ముక్కల్ని పట్టకారుతో ఎత్తడం. రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. ఉప్పు గాఢత మారినా, ఒత్తిడి తగిలినా మిగిలిన గుళికలు పేలే ప్రమాదం ఉంది. చాలా సముద్రజీవుల కుట్లకి ఓర్చుకోగలిగినంత వేడినీళ్లు, అంటే 45 డిగ్రీలు దాటకుండా, నొప్పి తగ్గిస్తాయి. దీనికి మాత్రం జపాన్‌లోని ఒకినావాలో చల్లబరచమనే చెబుతారు. అక్కడ దీని బాధ ఎక్కువ.

కంగారులో చేసిన ఒక్క మంచి పని, ఎర్రబడ్డ చోట పారదర్శకమైన సెల్లోటేపు మెల్లగా అద్ది తీసి గాజు పలక మీద అంటించడం. అలవాటు కొద్దీ చేశాను. అదే కాపాడింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్లేసరికి మణికట్టంతా బొబ్బలు. డ్యూటీ డాక్టరుగారు చూసి "జెల్లీఫిష్షేగా" అన్నారు. కొన్ని అనిమోన్ల విషం కిడ్నీని దెబ్బతీస్తుందని మూత్రపరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) రాయమని అడిగాను. "చేతికి కుడితే మూత్రం ఎందుకండీ?" అని నవ్వారు. అలర్జీ మాత్ర రాసి, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇప్పించి పంపేశారు. కిడ్నీకి ముప్పు ఉందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఆ కోవ నొప్పిమందులు ఇవ్వకూడదు, అవి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ మండుతుంది. నా తప్పూ ఉంది. కుట్టింది ఏదో గట్టిగా చెప్పలేకపోయాను, ఆక్టినోడెండ్రాన్ అనే ఇంకో సీ అనిమోన్ అయి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది ఉండేది ఇసుకలో. చెట్టుకొమ్మల్లా చీలిన స్పర్శకాలు పైకి పరిచి, కదిలిస్తే ఇసుకలోకి జారిపోతుంది. నన్ను కుట్టింది గట్టి పగడం మీద ఉంది. అంత తేడాని కూడా నొప్పిలో మర్చిపోయాను.

రెండో రాత్రి. పొద్దుటి నుంచి మూత్రం వచ్చింది అరగ్లాసు కూడా కాదు, డికాషన్ రంగులో. రెండింటికి వాంతులు. ఉంగరం వేలికి బిగుసుకుపోయి రానంది. అక్క నా ముంగాలి మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది. ఇద్దరం మాట్లాడకుండా ఆ గుంటనే చూస్తూ కూర్చున్నాం. అది నిండడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు, ఏళ్లు పట్టినట్టుంది. "నువ్వు చదివినవాటిలో ఇలా అయినవాళ్లు బతికారా?" అంది చివరికి. బతికారు అన్నాను. దేవుడి పేరు ఎత్తని నేను ఆ రాత్రి ఎన్నిసార్లు ఎత్తానో లెక్కలేదు.

తెల్లారుతుండగా ల్యాబ్ నుంచి ఫోను. గాజు పలకని నూనె వేసి మైక్రోస్కోపు కింద వెయ్యి రెట్లలో చూశాడు మా జూనియర్. "మామూలు బేసిట్రిక్‌లు కాదండీ, మాక్రోబేసిక్ అమాస్టిగోఫోర్లు. అలీసియిడే ఇది" అన్నాడు. మొదటి రెండూ దంశకణాల రకాలు, అలీసియిడే ఒక అనిమోన్ కుటుంబం.

ఆ ఒక్క మాటకి అంత విలువ ఎందుకంటే, సీ అనిమోన్లను రంగు చూసి, ఆకారం చూసి గుర్తుపడితే మోసపోతాం. ఒకే జంతువు పగలు ఒకలా, రాత్రి ఇంకోలా ఉంటుంది. ఫిల్లోడిస్కస్ పగలు తన అసలు స్పర్శకాలను ముడుచుకుని, కాండం చుట్టూ మొలిచిన కొమ్మల్లాంటి తొడుగును పరుస్తుంది. అందులోని శైవలాలకి ఎండ కావాలి. దాంతో నాచులాగో పగడంలాగో కనిపిస్తుంది. చీకటి పడ్డాక స్పర్శకాలు బయటికొస్తాయి. అందుకే వర్గీకరణలో నమ్మేది లోపలి కండరాలను, మీసెంటరీల (ఒంటి లోపలి అడ్డుపొరల) అమరికను, దంశకణాల రకాలను, వాటి కొలతలను. 1934లో వీల్ అనే శాస్త్రవేత్త దంశకణాలకు పెట్టిన పేర్లే, కొద్ది మార్పులతో, ఇప్పటికీ వాడుతున్నాం. మాక్రోబేసిక్ అంటే పేలినప్పుడు బయటికొచ్చే కాడ గుళిక పొడవుకి నాలుగు రెట్లకి మించి ఉండేది. అమాస్టిగోఫోర్ అంటే ఆ కాడ చివర సన్నని దారం లేనిది. ఈ రెండూ కలిసిన గుళిక అలీసియిడే కుటుంబానికి ముఖ్యమైన గుర్తుల్లో ఒకటి. అదే కుటుంబంలో ట్రయాక్టిస్ ఉంది, బాక్సర్ పీతలు రెండు చేతుల్లో పట్టుకు తిరిగేది, కానీ అది చిన్నది. నా మణికట్టు మీద ముద్ర అరచేయంత. మిగిలింది ఫిల్లోడిస్కస్ సెమోనీ. 1897లో క్వియెట్నియెవ్‌స్కీ పెట్టిన పేరు అది, నూరేళ్లు దాటాక నా కేస్‌షీట్‌లోకి ఎక్కింది.

క్రియాటినిన్ 5.8, పొటాషియం 6.1, రెండూ హద్దు దాటాయి. వేరే ఆసుపత్రికి మార్చారు. ఈ అనిమోన్ కుట్టి కిడ్నీలు ఆగిపోయిన రోగి గురించి అమెరికన్ జర్నల్ ఆఫ్ కిడ్నీ డిసీజెస్‌లో 2000లో వచ్చిన నివేదికని జూనియర్ అచ్చేసి పట్టుకొచ్చాడు. అక్కడి కిడ్నీ డాక్టరుగారు నిలబడే రెండుసార్లు చదివి, "మాకు తెలియనిది తెచ్చారు, మంచిది" అన్నారు. ఎలుకల్లో ఈ విషం కిడ్నీలోని వడపోత గుచ్ఛాలను దెబ్బతీసిందని పరిశోధన ఉంది. దానికి విరుగుడు మందు లేదు, కిడ్నీ తేరుకునేదాకా యంత్రంతో నెట్టుకురావాలి. తొమ్మిది రోజుల్లో నాలుగు డయాలసిస్‌లు. గంటగంటకీ కొలజాడీ పట్టుకుని వచ్చిన నర్సమ్మ ఒకావిడ, ఏడో రోజు 40 మిల్లీలీటర్లు చూసి నాకంటే ముందు తనే నవ్వింది. ఐదు వారాలకి క్రియాటినిన్ 1.1. మచ్చ మాత్రం పోలేదు, నెలకోసారి ఉన్నట్టుండి దురద పెడుతుంది.

ఈ జంతువులతో పనిచేసేవాళ్లకి కొన్ని మాటలు. గ్లవు మీద వెట్‌సూట్ చేతిని లాగి టేపుతో బిగించండి. నమూనాని నేరుగా ఆల్కహాల్లో వేస్తే ముద్దలా ముడుచుకుపోతుంది, కండరాలు కనపడవు, పైగా గుళికలు పేలిపోతాయి. లీటరు మంచినీటికి 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ స్ఫటికాలు కరిగించి, అంతే సముద్రపు నీటితో కలిపి, అందులో స్పర్శకాన్ని తాకినా కదలనంత వరకు ఉంచండి. ఫార్మలిన్ తర్వాత డీఎన్‌ఏ తీయడం కష్టం కాబట్టి ముందే చిన్న ముక్క కోసి 95 శాతం ఇథనాల్లో దాచండి. మిగతాది సముద్రపు నీటిలో కలిపిన 10 శాతం ఫార్మలిన్‌లో వేయండి. మత్తిచ్చిన జంతువు కూడా కుడుతుంది. చచ్చినదీ కుడుతుంది, గుళిక పేలడానికి జంతువు బతికి ఉండక్కర్లేదు.

కుడితే టేపు ముద్ర తీయండి, కుట్టిన జంతువుకి ఫొటో తీయండి, ఎంత లోతులో, దేనిమీద ఉందో రాసుకోండి. మూడు నాలుగు రోజులు మూత్రం కొలుచుకోండి. తగ్గినా, రంగు మారినా అదే రోజు క్రియాటినిన్ చేయించుకోండి. ఎవరైనా నవ్వితే ఇంకో ఆసుపత్రికి వెళ్లండి, నాలా ఇంటికి వెళ్లి పడుకోకండి.