గిల్ మెల్లే జాజ్ వదిలేశాడంటే నేనొప్పుకోను

చెన్నై సాలిగ్రామంలో సినిమా పాటలకీ సీన్లకీ కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళం సైన్స్ ఫిక్షన్ సీన్ వచ్చిందంటే కంప్యూటర్‌లో శబ్దాలు పుట్టించే ప్లగిన్ తెరిచి కింద ఒక డ్రోన్, అంటే ఆగకుండా మోగే స్వరం, పెట్టేస్తాం, ఆర్‌ఆర్ (సీన్ వెనక సంగీతం) సగం అయిపోయినట్టే. అసలు ప్లగిన్ అనే మాటే లేని 1971లో "ది ఆండ్రోమెడా స్ట్రెయిన్" అనే హాలీవుడ్ సినిమాకి మొత్తం స్కోర్ ఎలక్ట్రానిక్‌గా చేసినాయన మాత్రం బారిటోన్ శాక్స్ (కింది స్థాయిలో పలికే పెద్ద శాక్సోఫోన్) వాయించే జాజ్ మనిషి. పేరు గిల్ మెల్లే.

పంతొమ్మిదేళ్ళకే బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల కంపెనీ తీసుకుంది. బొమ్మలు కూడా వేసేవాడు, మైల్స్ డేవిస్, థెలోనియస్ మాంక్ లాంటి జాజ్ దిగ్గజాల రికార్డుల కవర్ల మీదకి ఈయన ఆర్ట్ ఎక్కింది. నాకు బాగా నచ్చే ముచ్చట వేరే ఉంది. రూడీ వాన్ గెల్డర్ అని పగలు కళ్ళు టెస్ట్ చేస్తూ మిగతా టైంలో న్యూజెర్సీలో అమ్మానాన్నల ఇంటి హాల్లో రికార్డింగులు చేసే కుర్రాడు, మెల్లేది అక్కడ రికార్డ్ చేస్తే అది బ్లూ నోట్ ఓనర్ ఆల్ఫ్రెడ్ లయన్ విని ఇదే సౌండ్ కావాలని తన మామూలు ఇంజనీర్ దగ్గరికి పట్టుకెళ్ళాడు, ఆయనేమో నా వల్ల కాదు, చేసినవాడి దగ్గరికే వెళ్ళమన్నాడు. అంతే, ఆ తర్వాత బ్లూ నోట్ సౌండ్ అంటే వాన్ గెల్డర్ సౌండే అయిపోయింది! ఆ ఇద్దర్నీ కలిపింది మెల్లేనే.

1960ల్లో సొంతంగా ఎలక్ట్రానిక్ వాయిద్యాలు తయారుచేసుకుని జాజ్ బ్యాండ్‌లోనే వాయించాడు. తర్వాత డైరెక్టర్ రాబర్ట్ వైజ్ పిలిచాడు. అది బయటి గ్రహం నుంచి వచ్చిన సూక్ష్మజీవి కథ, చాలావరకు భూమి కింద ల్యాబ్‌లో నడుస్తుంది. మెల్లే దానికోసం పెర్కసోట్రాన్ అని డ్రమ్ మెషిన్ లాంటిది కట్టాడు, మామూలు శబ్దాలు టేపు మీద పట్టి వాటి రూపం మార్చేశాడు, హమ్ చేసుకుందామంటే ఒక్క ట్యూన్ దొరకదు. సౌండ్‌ట్రాక్ ఎల్పీ కూడా గుండ్రంగా కాదు, ఆరు మూలలతో వచ్చింది.

మా సెషన్లకి వచ్చే ఫ్లూట్ బాబాయ్ ఒకాయన ఇది విని "ఊదేది మానేసి డబ్బాల్లో పడ్డాడ్రా" అన్నారు. కాదు బాబాయ్ అని చాలాసేపు వాదించాను. 1956లో మెల్లే చేసిన "ప్యాటర్న్స్ ఇన్ జాజ్" ఆల్బమ్ వినండి, బారిటోన్ పక్కన ట్రాంబోన్ అనే ఇత్తడి బూర, రెండూ కింది స్థాయివే, ఆ బరువు ఎక్కడ పడాలో ఎక్కడ ఖాళీ వదలాలో అప్పుడే పట్టుకున్నాడు, ఆండ్రోమెడాలో మెషిన్లతో చేసిందీ నా చెవికి అదే. స్వరాల కన్నా ముందు సౌండ్ గురించి ఆలోచించేవాడు కాబట్టి శాక్స్‌లో దొరకనిది సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని చేసుకున్నాడు.

బాబాయ్ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గానీ ప్యాటర్న్స్ మాత్రం ఫోన్‌లో వేయించుకున్నారు. మీరూ ముందు అది విని తర్వాత ఆండ్రోమెడాకి రండి, ఫోన్ స్పీకర్‌లో కింది స్వరాలు అస్సలు వినబడవు, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.