నీలం తిరిగిన బ్లేడు

బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర మా ఇల్లు. పెరట్లో రెండు కొబ్బరి చెట్లు, ఒక మునగ, గోడ పొడుగునా మందారాలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వచ్చిందంటే తెల్లారేసరికి నేలంతా కొమ్మలే. వాటిని ముక్కలు చేసి కంపోస్టులో వేద్దామని నాలుగేళ్ల కిందట కరెంటు చిప్పర్ కొన్నాను.

మొన్న వేసవిలో అది మొరాయించింది. కొమ్మను తనే లాక్కునే మిషన్, నేను తోస్తే తప్ప తీసుకోవడం లేదు. ముక్కలకు బదులు నలిగిన పీచు వస్తోంది. మోటారు పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. ప్లగ్ పీకి, బ్లేడ్లు బిగించి ఉండే డిస్కు తిరగకుండా చెక్కముక్క అడ్డుపెట్టి, మూత తీశాను. బ్లేడ్ల అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంది. దాని మీద జిగురు నల్లగా గట్టిపడింది.

డీజిల్ గుడ్డతో జిగురు తుడిచి, ఇంట్లో ఉన్న యాంగిల్ గ్రైండర్‌తో సాన పట్టాను. పదును బాగానే వచ్చింది. రెండు గంటలు నడిచేసరికి మళ్లీ మొద్దుబారింది!

ఈసారి బ్లేడ్లు విప్పి పీణ్యలో ఒక గ్రైండింగ్ షాపుకు తీసుకెళ్లాను. మేస్త్రీది హిందూపురం. బ్లేడును వెలుతురుకి పట్టి, అంచు వెంబడి ఉన్న నీలం చారను వేలితో చూపించి, "పొడిగానే పట్టినారా సార్? టెంపర్ పోయింది" అన్నాడు. నీళ్లు పోయకుండా సాన పడితే పుట్టే వేడికి ఉక్కు మెత్తబడిపోతుంది, ఇక ఎంత పదును పెట్టినా నిలవదట. రెండింటినీ తూకం వేశాడు. ఒకటి 6 గ్రాములు తక్కువ. డిస్కు వేగంగా తిరిగేటప్పుడు ఆ తేడాకే మిషన్ వణికి బేరింగులు పాడవుతాయి. నీలం పోయేదాకా, చల్లబరిచే కూలెంట్ ద్రవం పారిస్తూ, పాత వాలు మారకుండా రెండింటినీ ఒక్కసారే బిగించి పట్టాడు. మళ్లీ తూచితే ముల్లు ఒకే చోట ఆగింది.

బిల్లు కట్టి బయలుదేరుతుంటే, "ఎదురు బ్లేడు చూసుకున్నారా?" అని అడిగాడు. డిస్కుకు ఎదురుగా కదలకుండా ఉండే ఉక్కు పట్టీ అది. నేను దాని ఊసే ఎత్తలేదు. కత్తెరకు రెండో రేకు లాంటిది, అదే అరిగితే పైది ఎంత పదునున్నా కొమ్మ నలుగుతుంది తప్ప తెగదు. ఇంటికొచ్చి చూస్తే దాని మూల నున్నగా అరిగిపోయింది. అదృష్టం, తిప్పి బిగిస్తే వాడని అంచు పైకి వచ్చింది. సాన పట్టడంతో బ్లేడ్లు తగ్గాయి కాబట్టి వాటికీ ఎదురు బ్లేడుకీ మధ్య సందు పెరిగింది. ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టి, మాన్యువల్‌లో చెప్పినట్టు 1 మిల్లీమీటరుకు తెచ్చాను. డిస్కును కర్రతో మెల్లగా తిప్పి రెండు బ్లేడ్ల దగ్గరా కొలిచాను. లాక్ నట్లు కొత్తవి వేశాను.

మొదట మునగ కొమ్మ పెట్టాను. చేతిలోంచి లాక్కుంది. ముక్కలు అంచులు తేరి పడ్డాయి. పది నిమిషాలు నడిపి, ఆపి, ప్లగ్ పీకి బోల్టులు చూసుకున్నాను. ఒకటి ఇంకో పావు చుట్టు బిగిసింది.