అన్నం తగ్గించినా తగ్గని బరువు: కుషింగ్స్ జబ్బుతో నా అనుభవం

నాకు బరువు పెరిగింది మొహంలో, మెడ వెనకాల, పొట్ట దగ్గర. చేతులు, తొడలు మాత్రం సన్నబడుతూ వచ్చాయి. హన్మకొండలో మా బడి మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. బతుకమ్మ పేర్చడానికి కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోయేదాన్ని. బీపీ వచ్చింది, షుగర్ వచ్చింది. ఎక్కడ చూపించుకున్నా ఒకటే మాట: "అన్నం తగ్గించండి మేడమ్, వాకింగ్ చేయండి." రెండూ చేస్తూనే ఉన్నాను. పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక, రాత్రి జొన్నరొట్టె, ఆకుకూర. అయినా 58 కిలోల మనిషిని 81కి చేరాను. దొంగచాటుగా తింటున్నానేమో అన్నట్టు చూసేవాళ్లు. ఆ చూపులు పడటం జబ్బు కంటే కష్టంగా ఉండేది.

చివరికి ఒక డాక్టరమ్మ నా పొట్ట మీది చారలు చూసి ఆగింది. పాతబడిన కాన్పు చారలు తెల్లగా ఉంటాయి. ఇవి ఊదారంగులో, వేలెడు వెడల్పున ఉన్నాయి. ఆమె మొదట అడిగింది, "మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర గానీ, నాటు వైద్యుల దగ్గర గానీ మాత్రలు వాడారా?" అని. స్టెరాయిడ్ కలిసిన మాత్రలు చాలాకాలం వాడితే ఒళ్లు అచ్చం ఇట్లాగే తయారవుతుందట. మన పల్లెల్లో ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్నే. నేను వాడలేదు. అంటే ఒళ్లు సొంతంగా చేసుకునే స్టెరాయిడ్, కార్టిజాల్ హార్మోన్ నా ఒంట్లోనే ఎక్కువగా తయారవుతూ ఉండాలి. హార్మోన్ల డాక్టరైన ఎండోక్రైనాలజిస్ట్‌కు చూపించుకోమని చీటీ రాసిచ్చింది. కాజీపేటలో పొద్దుటి రైలెక్కి హైదరాబాద్ వెళ్లడం అప్పటి నుంచి మొదలైంది.

దీన్ని తేల్చడానికి మామూలు రక్తపరీక్ష ఒక్కటే చాలదు. కార్టిజాల్ పొద్దున ఎక్కువ, అర్ధరాత్రికి బాగా తక్కువ ఉంటుంది కాబట్టి రక్తం తీసిన వేళను బట్టి అంకె మారిపోతుంది. అందుకే 24 గంటల మూత్రం పట్టమంటారు. ల్యాబ్ వాళ్లు పెద్ద క్యాన్ ఇస్తారు. లేవగానే వచ్చిన మొదటి మూత్రం వదిలేసి, అక్కడి నుంచి ప్రతిసారీ అందులోనే పట్టి, మర్నాడు పొద్దుటి మొదటిది కూడా కలపాలి. మధ్యలో ఒక్కసారి మరిచినా లెక్క తప్పినట్టే. బడి ఉన్న రోజు కుదరదని ఆదివారం పెట్టుకున్నాను. క్యాన్ చల్లగా ఉండాలని ఐసు వేసిన బకెట్లో బాత్రూమ్ మూలన పెట్టి, ఇంట్లో ఎవరూ కదిలించకుండా కాపలా కాశాను. రెండోది మాత్ర పరీక్ష. రాత్రి 11 గంటలకు డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 1 మి.గ్రా. వేసుకుని, పొద్దున 8 గంటలకు రక్తం ఇవ్వాలి. మామూలుగా అయితే కార్టిజాల్ 1.8 కంటే కిందికి పడిపోవాలి. నాది 14 దగ్గరే నిలిచింది. ఎమ్మారైలో పీయూష గ్రంథిలో 6 మి.మీ. గడ్డ కనిపించింది. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే గ్రంథి అది. ఆ గడ్డ ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను వదులుతూ, కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథుల చేత కార్టిజాల్ చేయిస్తోంది. దీన్నే కుషింగ్స్ జబ్బు అంటారు. క్యాన్సర్ కాదని డాక్టర్ చెప్పాక గానీ మా ఆయన కుర్చీలో కూర్చోలేదు.

ఆపరేషన్ తేదీ దొరికేలోపు డైటీషియన్ దగ్గరికి పంపారు. ఇంకా తగ్గించమంటుందనుకుంటూ వెళ్తే, పస్తులుండొద్దని గట్టిగా చెప్పింది. కార్టిజాల్ ఇప్పటికే కండను కరిగిస్తోంది, మీరు మాడితే దానికి సాయం చేసినట్టే అంది. అన్నం ఒక కప్పుకు దించి, ప్రతి పూటా ప్రోటీన్ పెట్టించింది: పొద్దున పెసరట్టు లేదా గుడ్లు, మధ్యాహ్నం పప్పో, బొబ్బర్లో, చెరువు చేపో, సాయంత్రం ఉడికించిన శనగలు. ఎముకలు గుల్లబారతాయి కాబట్టి చల్ల, రాగి జావ తప్పనిసరి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. కష్టమనిపించింది ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటొద్దు. మామిడికాయ తొక్కు లేకుండా పచ్చిపులుసుతో ముద్ద దిగడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. షుగర్ కూడా పరగడుపున కాదు, తిన్న రెండు గంటలకు చూసుకోమంది. ఈ జబ్బులో పరగడుపున బాగానే ఉండి, తిన్నాక ఎగబాకడం ఎక్కువ.

"గింత తింటే పాణం ఎట్ల నిలుస్తది బిడ్డా?" అని మా అత్తమ్మ మొదట్లో బాధపడింది. తర్వాత గంగవాయిలి కూర, పొన్నగంటి కూర ఏరుకొచ్చి నా పప్పులో వేసింది ఆమే.

ఇంత చేసినా బరువు కిలో అటూ ఇటూ అంతే. కానీ తిన్నాక షుగర్ దిగింది, బీపీ మాత్ర పెంచాల్సిన పని పడలేదు, కాళ్ల వాపు తగ్గింది. గడ్డను తీసేసే పని తిండిది కాదు. అది చేసే నష్టాన్ని తగ్గించే పని మాత్రం తిండిదే. ఈ రెండూ వేరని తెలిశాకే నా మనసు తేలికపడింది.

ఆపరేషన్ ముక్కులోంచి చేశారు, బయట కుట్లు లేవు. ఆ తర్వాతి నెలలు ముందుకంటే కష్టంగా గడిచాయి. అన్నాళ్లు గడ్డ పెత్తనం చేయడంతో ఒంట్లో కార్టిజాల్ చేయించే సొంత వ్యవస్థ నిద్రపోయి ఉంటుంది. కార్టిజాల్ ఒక్కసారిగా పడిపోయి కీళ్ల నొప్పులు, వికారం, అన్నం వాసనే పడకపోవడం. కార్టిజాల్‌కు బదులుగా ఇచ్చే హైడ్రోకార్టిజోన్ మాత్రలు పొద్దున, మధ్యాహ్నం వేసుకుంటూ, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకున్నాను. వీటిని సొంతంగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. జ్వరమొస్తే డోసు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఇంజక్షన్ చేయించుకోవాలి. ఆ వివరాలు రాసిన కార్డు నా పర్సులో ఉంటుంది.

హైదరాబాద్‌లో ఆస్పత్రిలో నా పక్కన కూర్చునే వాళ్లందరిదీ పీయూష గ్రంథి గడ్డే, కథలే వేరు. ఒకాయనకు గ్రోత్ హార్మోన్ ఎక్కువై ఉంగరాలు పట్టక, చెప్పుల సైజు మారిపోయి, షుగర్ కూడా వచ్చింది. కరీంనగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయికి ప్రోలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) ఎక్కువ. ఆమెకు ఆపరేషన్ అవసరం పడలేదు, వారానికి రెండుసార్లు క్యాబర్గోలిన్ మాత్రతోనే గడ్డ చిన్నదైంది. కాబట్టి నా పథ్యం వాళ్లకు, వాళ్ల మందు నాకు పనికిరావు.

ఇప్పుడు 66 కిలోలున్నాను. మొహం ముందు తగ్గింది, పొట్ట అన్నిటికంటే ఆలస్యంగా. షుగర్ మాత్రలు ఆపేశారు, బీపీకి ఒకటి మిగిలింది. జబ్బు నయమైనా గుండెకు ముప్పు కొంత మిగిలే ఉంటుందని, గడ్డ మళ్లీ రావచ్చని చెప్పారు కాబట్టి కొలెస్ట్రాల్, షుగర్, కార్టిజాల్ పరీక్షలు మానను. కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేచి కూర్చునే వ్యాయామం కూడా మానను.

ఉత్త బరువు చూసుకుని ఎవరూ టెన్షన్ పడక్కర్లేదు, ఇది అరుదైన జబ్బు. కానీ బరువుతో పాటు ఊదారంగు వెడల్పు చారలు, ఊరికే కమిలిపోయే చర్మం, తొడల్లో సత్తువ లేకపోవడం, చిన్న వయసులోనే బీపీ కనిపిస్తే మాత్రం, కార్టిజాల్ పరీక్ష అవసరమా అని డాక్టర్‌ను మీరే అడగండి.