రెడిచ్‌లో పుట్టి తిరువొత్తియూర్‌లో బతికిన బండి

మా ఆఫీసులో ఒక కుర్రాడు మొన్న కొత్త జావా కొన్నాడు. పార్కింగ్‌లో చూపిస్తూ "1929 నుంచి ఉన్న కంపెనీ అన్నా" అన్నాడు. కొత్త బండి ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఎందుకని ఊరుకున్నాను గానీ, ఆ "నుంచి ఉన్న" దగ్గరే నాకు పేచీ.

ప్రాగ్‌లో ఆయుధాల ఫ్యాక్టరీ నడిపే యానెచెక్, ఆర్డర్లు తగ్గి, జర్మనీ వాండరర్ కంపెనీ బండి డిజైన్ కొని మొదలుపెట్టింది జావా. మనకు 1961లో మైసూరులో ఐడియల్ జావా వచ్చింది. తర్వాత యెజ్దీ అయింది, 1996లో మూతపడింది. అది టూ స్ట్రోక్, రెండు సైలెన్సర్లు, కిక్ రాడ్డే గేరు రాడ్డు. 2018లో వచ్చింది నీళ్లతో చల్లబడే 293 సీసీ ఫోర్ స్ట్రోక్. మంచి బండే. కాకపోతే పేరు లైసెన్సు తీసుకుని, ట్యాంకు పాత బండిలా మలిచి అమ్ముతున్నారు. మధ్యలో ఇరవై రెండేళ్లు ఇక్కడ జావా గానీ యెజ్దీ గానీ తయారవలేదు.

తుపాకుల నుంచి బండ్లకు వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. బీఎస్ఏ అంటే మనింట్లో సైకిలే గానీ, అది 1861లో బర్మింగ్‌హామ్ తుపాకుల పనివాళ్లు కలిసి పెట్టిన కంపెనీ. ఒకప్పుడు ప్రపంచంలోనే పెద్ద మోటార్‌సైకిల్ కంపెనీ. 70ల మొదట్లో కుప్పకూలింది. 1969లో హోండా సీబీ 750 నాలుగు సిలిండర్లు, సెల్ఫ్ స్టార్ట్, డిస్క్ బ్రేకుతో దిగింది. ఇంగ్లిష్ రెండు సిలిండర్ల బండ్లలో ఇంజిన్ కింది పెట్టె, అంటే క్రాంక్‌కేస్, నిలువుగా రెండు ముక్కలు, ఆ అతుకులోంచి ఆయిల్ కారుతూనే ఉండేది. హోండా అడ్డంగా కోసింది, కారలేదు. పాత మిషన్లు మార్చకుండా లాక్కొచ్చిన ఇంగ్లండ్ ఫ్యాక్టరీలు దానికి ఎదురు నిలవలేదు. ఇప్పుడు బీఎస్ఏ పేరు మహీంద్రా వాళ్ల గ్రూపు దగ్గరుంది, నార్టన్‌ను 2020లో టీవీఎస్ కొంది. మనవాళ్లు కొన్నారని నాకూ గర్వంగానే ఉంటుంది, అది వేరే సంగతి.

ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ కథ అలా కాదు. 50ల మొదట్లో మన ఆర్మీ సరిహద్దు గస్తీకి 800 బుల్లెట్లు ఆర్డర్ ఇచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్, రెడిచ్ కంపెనీ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, తర్వాత మూడు నాలుగేళ్లకు అక్కడ కంపెనీయే లేదు. మద్రాస్ పక్కన తిరువొత్తియూర్‌ ఫ్యాక్టరీలో మాత్రం లైన్ ఆగలేదు. 1977లో ఇక్కడి బుల్లెట్ ఇంగ్లండ్‌కే ఎగుమతి అయింది!

మా నాన్న హైదరాబాద్ ఆల్విన్ కంపెనీలో పనిచేసే రోజుల్లో కొన్న బుల్లెట్ ఇప్పటికీ నేనే నడుపుతాను. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. హెడ్‌లైట్ మీద కరెంటు చూపే చిన్న యామ్‌మీటర్ ఉంటుంది. తాళం తిప్పి కిక్ మెల్లగా నొక్కితే ముల్లు మైనస్ వైపు వాలుతుంది. ఇంకాస్త నొక్కితే ఇగ్నిషన్ కరెంటు కలిపి తెంచే పాయింట్లు విడిపోయి ముల్లు మధ్యకొస్తుంది. అక్కడ సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషర్ లివర్ పట్టి పిస్టన్‌ను కొంచెం దాటించి, కిక్ పైకి వదిలేసి, అప్పుడు ఒక్క ఊపున దింపాలి. తొందరపడితే కిక్ ఎదురు తంతుంది, పాదం వాచిపోతుంది. ఆ పాయింట్ల సెట్టు పుత్లీబౌలీలో అడిగితే ఇప్పటికీ ఇస్తారు. కాచిగూడ ఉస్తాద్ అయితే సందు కొలిచే ఫీలర్ గేజ్ లేకుండా కంటితోనే గ్యాప్ పెడతాడు.

ఇప్పటి బుల్లెట్‌లో ఆ ఇంజిన్ ఎక్కడుంది అని మీరడగొచ్చు. లేదు. ఆ పోత ఇనుము ఇంజిన్ 2010 ప్రాంతంలో ఆగిపోయింది. కానీ ఒక ఇంజిన్ నడుస్తుండగానే దాని పక్కన ఇంకోటి వచ్చింది, ఇదంతా అదే ఫ్యాక్టరీ వాళ్ల చేతుల్లోనే. నా లెక్కలో ఆ తేడా చాలా పెద్దది.

జాగ్వార్‌ది తలకిందుల కథ. 1922లో బ్లాక్‌పూల్‌లో విలియం లయన్స్, విలియం వామ్స్‌లీ బండ్లకు స్వాలో సైడ్‌కార్లు చేసేవారు. తర్వాత కార్లకు బాడీలు కట్టారు, ఆపైన ఎస్ఎస్ కార్లు. యుద్ధం అయ్యాక ఆ రెండక్షరాలు వింటే హిట్లర్ మనుషులే గుర్తొస్తారు కాబట్టి 1945లో జాగ్వార్ అని మార్చారు. ఎక్స్‌కే 120 కారైనా, 1961 నాటి ఈ-టైప్ (E-Type) కారైనా లయన్స్ హయాంలోవే. పేరు ఎన్నిసార్లు మారినా మనిషి ఆయనే.

అన్నిటికన్నా విచిత్రం రోల్స్ రాయిస్‌ది. 1998లో ఇంగ్లండ్‌లోని క్రూ ఊళ్లో రోల్స్ రాయిస్, బెంట్లీ కార్లు తయారయ్యే ఫ్యాక్టరీని ఫోక్స్‌వ్యాగన్ కొంది, రోల్స్ రాయిస్ పేరు మాత్రం బీఎండబ్ల్యూకి పోయింది. ఫ్యాక్టరీ ఒకరికి, పేరు ఒకరికి. 2003 నుంచి ఆ కార్లు గుడ్‌వుడ్‌లో కొత్తగా కట్టిన ఫ్యాక్టరీలో తయారవుతున్నాయి. క్రూలో మిగిలింది బెంట్లీ. మన హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్, ఆరో నిజాం ఆర్డర్ ఇస్తే ఆయన పోయాక చేరింది, క్రూకి ముందు కంపెనీ నడిచిన డెర్బీలో తయారైన కారు. దానికి గుడ్‌వుడ్ వాళ్లు వారసులా, క్రూ వాళ్లా అంటే నేను క్రూ వైపే. కారు మీది పేరు చూస్తే మాత్రం కేసు బీఎండబ్ల్యూ గెలుస్తుంది.